విప్పి చూసే హక్కు

నేను కంప్యూటరును మొదటిసారి దగ్గరగా చూసింది 1996లో, చీరాలలో ఒక డీటీపీ షాపులో. గాజు తలుపు మీద ‘చెప్పులు బయటే విడవండి’ అని కాగితం అంటించి ఉంది. దుమ్ము పడితే మిషను పాడవుద్దంట. తలుపు బయట అన్ని కులాల చెప్పులూ ఒకటే కుప్ప. నేను కాసేపు ఆ కుప్పనే చూస్తా నిలబడ్డాను. మా ఊళ్లో పెద్దబజారు దాటేటప్పుడు మా నాయన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. ఆ అరుగుల మీద కూర్చున్నోళ్ల కిర్రు చెప్పులు మా నాయన కుట్టినయ్యే. కుట్టినోడు విప్పాలి, కుట్టించుకున్నోడు తొడుక్కోవాలి. అట్టాంటిది ఇక్కడ అందరూ విప్పుతున్నారు. కంప్యూటరు ముందు కులం లేదు కాబోలు అనుకున్నాను. ఆ భ్రమ తలుపు దాటేదాకానే.

షాపాయన మూడు ప్రశ్నలడిగాడు. పేరేంటి? ఇంటిపేరేంటి? ఊళ్లో ఎక్కడ? మనోళ్లందరికీ తెలిసిన మూడో ప్రశ్న అది. మాదిగపల్లె అని చెప్పాను. పని ఇచ్చాడు, ఇవ్వలేదని అబద్ధం ఆడను. ప్రూఫులు మొయ్యడం, టీలు తేవడం, షాపు ఊడవడం. నాలుగు నెలలు కీబోర్డు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. “చూస్తా ఉండు, అదే వస్తది” అనేవాడు. చూస్తే ఈత వస్తదా? రాత్రిళ్లు ఆయన ఇంటికి పోయాక ఆపరేటరు, ఒక సాయిబుల కుర్రాడు, నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి నేర్పాడు. నాకు విద్య పెట్టింది అతనే.

నేర్చుకున్నాక పగలు పెళ్లికార్డులు కొట్టేవాణ్ణి. రాత్రిళ్లు మన కరపత్రాలు, మన పుస్తకాలు. చుండూరు మీద, దండోరా మీద, హాస్టళ్ల మీద ఎన్ని కొట్టానో లెక్క లేదు. ఈ పుస్తకం చదివే పెద్దవాళ్లలో కొందరి చేతుల్లోకి అవి వచ్చే ఉంటాయి.

తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. 2015లో తొమ్మిది వేలు పెట్టి ఒక పాత కంప్యూటరు కొన్నాను. అమ్మినోడు విండోస్ కూడా వాడే వేసిచ్చాడు, కాపీ కొట్టింది. ఊళ్లో నేను చూసిన షాపులన్నిట్లో అవే. కానీ కొన్నాళ్లకి తెర నల్లగా అయిపోయి, ఈ కాపీ అసలైనది కాదు అని మూలన అక్షరాలొచ్చాయి. పక్కింటాయనకీ వచ్చాయి. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. దొంగ అనే మాట మన కులాలకి పుట్టుకతో అంటించిన మాట. నువ్వు అసలైనోడివేనా అని కులం సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ తిప్పించుకున్నవాణ్ణి నేను. ఇంట్లో పెట్టుకున్న మిషను కూడా అదే అడిగింది.

షాపువాడే మళ్లీ వచ్చి విండోస్ 10 వేసిపోయాడు. అలా నెట్టుకొచ్చాను. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే ఈ కంప్యూటరుకు అర్హత లేదని వచ్చింది. టీపీఎం 2.0 అనే తాళపు చిప్పు ఉండాలంట, కంపెనీ రాసుకున్న జాబితాలోని ప్రాసెసరు ఉండాలంట. నాది నాలుగో తరం ఐ3, నాలుగు జీబీ మెమరీ. మిషను శుభ్రంగా పనిచేస్తానే ఉంది. కానీ అర్హత లేదు. ఈ మాట కూడా మనం ఎరిగిందే.

మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతోంది. సెలవులకొచ్చి చూసి, “నాన్నా, దీన్ని పారేస్తావా? లినక్స్ వేద్దాం” అంది.

నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఎవరన్నా చెప్పు తెగిందని తెచ్చి, పారేసి కొత్తది కుట్టమంటే ఆయనకి కోపం వచ్చేది. “పైతోలు గట్టిగున్నప్పుడు చెప్పు పారెయ్యగూడదు, అడుగు అట్ట మార్చాల” అనేవాడు. ముందు ఆరెతో పాత కుట్టు విప్పేవాడు. ఎవుడు కుట్టాడో, ఎక్కడ తప్పు కుట్టాడో చూసేవాడు. నేను పక్కన కూర్చుంటే “ఇప్పితే గదరా ఇద్దె వచ్చేది” అనేవాడు. మా నాయన ఏ చెప్పునీ ఇతరులు విప్పకుండా కుట్టలేదు. ఆయన కుట్టింది పక్కూరి మాదిగ విప్పి బాగుచెయ్యొచ్చు, నేర్చుకోవచ్చు, ఇంకా బాగా కుట్టొచ్చు. లంద దగ్గర తంగేడు చెక్క ఎంత, సున్నం ఎంత అనేది మా పల్లెలో ఒకడి సొత్తు కాదు.

మా అమ్మాయి పెన్‌డ్రైవులో లినక్స్ మింట్ 22 తెచ్చింది. అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, దగ్గర దగ్గర మూడు జీబీ. దీంట్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. డిస్కు మీద ఏమీ ముట్టుకోకుండా, పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడొచ్చు. తెర వస్తుందా, మోత వస్తుందా, ప్రింటరు పలుకుతుందా అన్నీ చూసుకుని, నచ్చితేనే ఎక్కించొచ్చు.

మంచం మీద కూర్చుని మా అమ్మ అంతా గమనిస్తా ఉంది. ఆమెకి చదువు లేదు.

“ఇది ఎంతకి కొన్నావే?” అని మనవరాలిని అడిగింది.

“కొనలేదు నాయనమ్మా, ఊరికే ఇస్తారు.”

“ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటది. సూసుకో.”

మా అమ్మ అన్నదాంట్లో తప్పులేదు. మనకు ఊరికే వచ్చినవి ఏంటి? మిగిలిన కూడు, చిరిగిన బట్ట, చచ్చిన గొడ్డు. వాటికి బదులు ఏడాది పొడుగునా వెట్టి. అందుకని నేను ఆమెకి నీళ్ల మీద పెట్టి చెప్పాను.

“అమ్మా, ఊరబావి దగ్గర మనకు నీళ్లు ఎట్టా పోసేవాళ్లు?”

“దూరంగా నిలబడి దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. ఆళ్లకి బుద్ధి పుట్టినప్పుడు.”

“డబ్బులు తీసుకునేవాళ్లా?”

“లేదు.”

“అది ఊరికే ఇచ్చింది. మన చేద మనం బావిలో వేసుకుని తోడుకుంటే?”

ఆమె మాట్లాడలేదు. తలకాయ ఊపింది.

ఈ సాఫ్ట్‌వేర్ సంగతి ఇదే. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన గ్నూ పని మొదలుపెడుతున్నట్టు ప్రకటించాడు. తర్వాత వీళ్లు నాలుగు స్వేచ్ఛలు రాసుకున్నారు. ఏ పనికైనా వాడుకోవచ్చు. లోపల ఎట్టా కుట్టారో విప్పి చూసి మార్చుకోవచ్చు. ఇతరులకు పంచొచ్చు. మార్చినదాన్ని కూడా పంచొచ్చు. ధర సంగతి కాదిది, చేద సంగతి. కంపెనీలు ఊరికే ఇచ్చేవి చాలా ఉన్నాయి. అవి దోసిట్లో పోసే నీళ్లు, వాళ్లు ఆపితే ఆగుతాయి.

మా ప్రాంతంలో నీళ్ల మాట ఎత్తితే కారంచేడు గుర్తు రాకుండా ఉండదు. 1985 జులైలో మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే మున్నంగి సువార్త అడ్డం చెప్పింది. జులై 17న పల్లె మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినోళ్లు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. నాకప్పుడు పదేళ్లు. మా పెద్దమ్మ కుటుంబం ఆ శిబిరంలో ఉంది.

ఇంకొక లెక్క చెబుతాను. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అదే నెల 25న ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, తానొక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని లోకానికి చెప్పాడు. అదే లినక్స్. రెండింటికీ సంబంధం లేదు. అతనికి చుండూరు తెలిసే అవకాశం లేదు. కానీ ఆ వయసు కుర్రాడు అక్కడ గదిలో కూర్చుని లోకానికి పనికొచ్చే పని చేసుకుంటుంటే, ఇక్కడ మన కుర్రాళ్లు ప్రాణం కోసం పొలాల వెంట పరిగెత్తారు. మనోళ్లకి తెలివి లేక కాదు కంప్యూటరు మనదాకా ఆలస్యంగా వచ్చింది. ఈ లెక్క మన పిల్లలకు తెలియాలి.

నా ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎత్తుకున్నాం. తర్వాత తెర మీద, ఈ డిస్కులో ఉన్నదంతా చెరిపేస్తాను, సరేనా అని అడిగింది. నా చెయ్యి ఆగింది. నాలుగు నెలలు ముట్టుకోనివ్వని చెయ్యి కదా, ఏదన్నా పాడుచేస్తానేమోనన్న భయం ముప్పై ఏళ్లయినా పోలేదు. “నువ్వే నొక్కు నాన్నా” అంది మా అమ్మాయి. నొక్కాను. అర గంట పట్టలేదు. వైఫై మాత్రం పలకలేదు. ఫోనుని వైరుతో తగిలించి దాని నెట్టు మీద డ్రైవరు దింపుకుంటే అప్పుడు పలికింది. ప్రింటరు అడక్కుండానే పలికింది. పాత మిషను కొత్త అట్ట వేసిన చెప్పులాగా నడుస్తా ఉంది.

మెనూలు తెలుగులో పెట్టాం. మా అమ్మాయి పైకి చదివింది. దస్త్రం, సంచయం, నిష్క్రమించు.

“నిష్క్రమించు అంటే ఏందే? ఎవురన్నా పోయారా?” అంది మా అమ్మ. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు వెనక సంగతి మాత్రం చిన్నది కాదు. తెలుగు అని పెట్టారు గాని అది ఎవరి తెలుగు? బావి తెరిచారు, తాడు మాత్రం సంస్కృతంలో పేనారు. కాకపోతే ఇక్కడ తేడా ఒకటుంది. ఈ అనువాదాలు లాంచ్‌ప్యాడ్ అనే చోట పెట్టి ఉంటాయి. ఎవరైనా వేరే మాట సూచించొచ్చు. మా అమ్మాయి ‘బయటికి’ అని సూచించింది. ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకునే కుర్చీలో మనోళ్లు కూడా ఎప్పుడు కూర్చుంటారన్నది ప్రశ్న.

నేనిది స్వర్గమని చెప్పడం లేదు. ఆ మధ్య పట్నంలో ఈ సాఫ్ట్‌వేర్ మీద ఒక మీటింగుకి పోయాను. కుర్రాళ్లు స్వేచ్ఛ గురించి చక్కగా మాట్లాడారు. కాఫీ దగ్గర ఒకాయన నా పేరడిగాడు, ఇంటిపేరడిగాడు, ‘ఊళ్లో ఎక్కడండీ?’ అన్నాడు. ముప్పై ఏళ్లలో దానికి ‘అండీ’ చేరింది, అంతే. లైసెన్సులో ఆ ప్రశ్న లేదు. కాఫీ దగ్గర ఉంది. అయినా నేను లైసెన్సునే పట్టుకుంటాను. ఎందుకంటే రాసి ఉన్నదాన్ని చూపించి అడగొచ్చు. బెంగళూరులో ఒక మురికివాడ పిల్లలకు అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ అని పెట్టి ఇదే సాఫ్ట్‌వేర్ మీద నేర్పారు. అక్కడి పిల్లలు గింప్‌లో బొమ్మలేశారు. మన హాస్టళ్లలో, మన సంఘం ఆఫీసుల్లో పనికిరావని మూలన పడేసిన కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి.

అసలు దెబ్బ ఆ రాత్రి తగిలింది. నా పాత ఫైళ్లు తెరిచాను. పేజ్‌మేకర్‌లో కొట్టినవి. లిబ్రాఫీస్ డ్రా వాటిని తెరిచింది, గీతలు, డబ్బాలు అన్నీ వచ్చాయి. అక్షరాలు మాత్రం రాలేదు. ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలిసిన పిచ్చిరాత. తప్పు లినక్స్‌ది కాదు. ఆనాటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని పెట్టేవి. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నంతవరకే అది తెలుగు. లేకపోతే చెత్త. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకి సొంత గదులు ఇచ్చారు. ఆ సంగతి తెలియక పదేళ్ల మన రాతల్ని నేను పరాయి గదుల్లో దాచాను. ఎవరో నన్ను తాళం వేయమనలేదు. నా చేత్తో నేనే వేశాను.

అందులో ‘అమ్మ చెప్పింది’ అనే ఫైలు ఉంది. 1999లో మా అమ్మ చెబుతుంటే రాసుకుని కొట్టిన ఇరవై పేజీలు, శిబిరం రోజుల గురించి. అచ్చువేసిన కాపీ ఒక్కటే మిగిలింది, దాంట్లో సగం చెదలు తిన్నాయి. మా అమ్మాయి ఒక కన్వర్టరు పెట్టి చూసింది. కొంత తెలుగైంది గాని ఒత్తులన్నీ తారుమారు, చాలా వాక్యాలకు అర్థం లేదు. ఇక చేత్తో కొట్టడం ఒకటే దారి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కొత్తగా నేర్చుకుంటున్నాను, యాభై ఏళ్ల వయసులో. తెలియని వాక్యం వచ్చినప్పుడల్లా మా అమ్మని అడుగుతున్నాను.

మొన్న మూడో పేజీ చదివి వినిపించాను. “శిబిరానికి రోజూ అన్నం మోసుకెళ్లాను” అని ఉంది.

“అన్నం అని ఎవురు రాశారు?” అంది.

“నువ్వే చెప్పావు గదమ్మా.”

“నేను చెప్పలేదు. నువ్వు రాసుకున్నావు. అన్నం మనకే లేదు, ఆళ్లకేం మోస్తాను? మోసింది నీళ్లు. బిందెతో.”

నిజమే అయ్యుంటుంది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నీళ్లంటే చిన్నగా ఉంటదని అన్నం చేసుంటాను. ఆ ఫైలు మామూలుగా తెరుచుకుని ఉంటే ఈ తప్పు అట్టాగే ఉండిపోయేది. అన్నం కొట్టేసి నీళ్లు అని కొట్టాను. మామూలు టెక్స్టు ఫైలుగా, యూనికోడ్‌లో దాస్తున్నాను. ఎవరైనా, ఏ కంప్యూటర్లోనైనా, ఎవరినీ అడక్కుండా తెరవొచ్చు.

ఇంకా పదకొండు పేజీలున్నాయి. మా అమ్మకి డెబ్బై ఎనిమిది. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే కూర్చుంటున్నాను.