ఆవాజ్ కమ్ కర్

మా ఇంట్లో రోజుకి పదిసార్లు వినపడిన మాట ఒకటుంది. ‘ఆవాజ్ కమ్ కర్’. సౌండు తగ్గించు అని. అమ్మీ అనేది, అబ్బా అనేవాడు, పిల్లలం మేం కూడా ఒకళ్లనొకళ్లం అనుకునేవాళ్లం. ఎందుకని ఎవరం అడగలేదు. నిరుడు పండక్కి మైలవరం వెళ్లి, అబ్బా చేసిన పాత ఆంప్లిఫయర్ విప్పుకుని కూర్చున్నప్పుడు గానీ ఆ ‘ఎందుకు’ నన్ను పట్టుకోలేదు.

అబ్బా రేడియో మెకానిక్కు. బజార్లో చిన్న దుకాణం. పొద్దున్నే విజయవాడ స్టేషన్ భక్తిరంజనితో ఆ దుకాణం తెరుచుకునేది. చుట్టుపక్కల ఊళ్ల రేడియోలన్నీ ఆయన చేతికి వచ్చి పలికి వెళ్లినవే. నాకు మాత్రం ఐరన్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ‘కలమ్ పకడ్’ అనేవాడు. కలమే పట్టుకున్నాను. బీయే చదివి పేపర్లో చేరాను. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ముస్లింలలో సొంత చిన్న పనుల మీద బతికేవాళ్లే ఎక్కువని అందులో ఉంది. ఆ వార్త రాస్తుంటే ‘స్వయం ఉపాధి’ అన్న మాట దగ్గర మా దుకాణం బల్ల, దాని మీద వంగిన అబ్బా మెడ కనిపించాయి. నా పని ఆ బల్ల మీంచి లేచి వచ్చిందే. ఆఫీసులో మాత్రం ‘మీ తెలుగు భలే బాగుంటుందండీ’ అని నన్ను మెచ్చుకునేవాళ్లు. ఎందుకు బాగుండకూడదో ఎవరూ చెప్పలేదు.

అబ్బా పోయాక ఆ సెట్టు అటక మీదే ఉండిపోయింది. చెక్క పెట్టె, లోపల ఆయన చేత్తో కట్టిన ఆంప్లిఫయర్. చివరి రోజుల్లో పాటకంటే ముందు గుంయ్‌మని మోత వచ్చేదట. ఒకరోజు ఫ్యూజు ఎగిరింది. అమ్మీ కొత్త ఫ్యూజు వేయించింది. అదీ ఠప్‌మంది. ‘ఇచ్చేద్దామా పాత సామాన్లవాడికి?’ అని అమ్మీ నన్ను అడిగింది. వద్దన్నాను.

కళ్లతో చూసి నేర్చుకున్న విద్య కొంత మిగిలే ఉంది. ఫ్యూజు ఎగిరిన సెట్టుని అబ్బా ఎప్పుడూ తిన్నగా ప్లగ్గులో పెట్టేవాడు కాదు. మధ్యలో వంద వాట్ల పాత ఫిలమెంటు బల్బు సిరీస్‌లో కలిపేవాడు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు కాలిపోకుండా మిగులుతుంది. నేనూ అలాగే కలిపాను. బల్బు భగ్గుమంది. ప్లగ్గు తీసి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోర్డుకి వెళ్లే రెండు వైర్లు విడదీసి, మళ్లీ పెట్టాను. ఈసారి బల్బు వెలగలేదు. అంటే ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది, రోగం దాని తర్వాత ఉంది.

గోడలో కరెంటు సెకనుకి యాభైసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది. ఆంప్లిఫయర్‌కి ఆ ఊగిసలాట పనికిరాదు. నాలుగు డయోడ్లు దాన్ని ఒకే దారిన నడిపిస్తాయి. అయినా సెకనుకి వంద అలలు మిగులుతాయి. పక్కనున్న పెద్ద కండెన్సర్ ఆ అలల్ని నింపి సాపు చేస్తుంది. ముసలిదై లోపలి రసం ఎండిపోతే అలలు స్పీకర్లోకి వచ్చేస్తాయి. అమ్మీ విన్న గుంయ్ అదే.

మీటరు పెడితే ఒక డయోడ్ రెండు వైపులా దారిచ్చేసింది. దాన్ని ఆనుకున్న కండెన్సర్ నెత్తి ఉబ్బి ఉంది. దాని మీద 4700 మైక్రోఫారడ్, 35 వోల్టులు అని రాసుంది. అప్పుడు లెక్క వేశాను. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 24 వోల్టులు కండెన్సర్ దగ్గరికొచ్చేసరికి దాదాపు 33 అవుతాయి. అది 230 సరిగ్గా వచ్చిన రోజు మాట. మా ఊళ్లో అది ఎప్పుడొచ్చింది? ఇబ్రహీంపట్నంలో 1979లో థర్మల్ స్టేషన్ మొదలైంది. విజయవాడ బస్సులోంచి ఆ చిమ్నీల పొగ కనిపించేది. మా ఇంట్లో మాత్రం మోటార్లు నడిచే వేళ బల్బు ఎర్రగా వెలిగేది, అర్ధరాత్రి అవి ఆగితే కళ్లు చెదిరేలా వెలిగేది. గోడలో 250 వచ్చిన రాత్రి ఆ కండెన్సర్ మీద 35 దాటుతుంది. ఏళ్ల తరబడి అంచు మీదే బతికింది పాపం.

ఇంత తెలిసిన మనిషి 35ది ఎందుకు వేశాడు? జవాబు పెట్టె లోపలే ఉంది. చెక్క మీద పెన్సిల్‌తో, ఉర్దూలో ఒక ముక్క. 50 వోల్టులది వెయ్యాలి, పైసలొచ్చాక. దుకాణం లెక్కలన్నీ ఆయన తెలుగులోనే రాసేవాడు. తనకోసం రాసుకున్నది ఉర్దూలో రాసుకున్నాడు. ఊరందరి సెట్లకీ సరైన సామాను వేశాడు, తన సెట్టుకి పైసలు రాలేదు. నేను దాన్ని చదవగలిగాను. నా పిల్లలు చదవలేరు.

మర్నాడు విజయవాడ నుంచి నాలుగు డయోడ్లు, 50 వోల్టుల కండెన్సర్ తెచ్చాను. డయోడ్ గీత ఎటుందో, కండెన్సర్ మైనస్ ఎటుందో రెండుసార్లు చూసుకుని అతికించాను. సిరీస్ బల్బు ఒక్కసారి మెరిసి, మెల్లగా కంటి చూపులా చిక్కబడి ఆరిపోయింది. కండెన్సర్ నిండిందన్నమాట. అమ్మీ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏమీ అనలేదు.

సెల్‌ఫోన్ కలిపి ముందు షేక్ చినమౌలానా నాదస్వరం పెట్టాను. కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన సాయిబు. ఆయన కచేరీ రేడియోలో వస్తే అబ్బా దుకాణంలో సౌండు పెంచేవాడు. నాజర్ బుర్రకథ వచ్చినా అంతే. ఖవాలీ మాత్రం ఇంట్లో, రాత్రి, తలుపు వేశాక. 1992 డిసెంబర్ తర్వాత మరీ. మా ఊళ్లో ఎవరూ మమ్మల్ని ఏమీ చెయ్యలేదు. అబద్ధం చెప్పను. దుకాణానికి వచ్చిన ఒకాయన నవ్వుతూ, ‘సాయిబు గారూ, ఇందులో పాకిస్తాన్ దొరుకుతుందా?’ అన్నాడంతే. అబ్బా కూడా నవ్వాడు. ఆ రాత్రి ఇంట్లో నాబు దగ్గరికి వెళ్లింది ఆయన చెయ్యే.

నాదస్వరం అయ్యాక శంకర్-శంభు ఖవాలీ పెట్టాను. వాళ్లు హిందూ అన్నదమ్ములు. ఆ సంగతి నవ్వినాయనకి తెలుసో లేదో. గుంయ్ లేదు. గొంతు శుభ్రంగా, గదంతా నిండుగా వచ్చింది. అమ్మీ కళ్లు తుడుచుకుంది.

అప్పుడు గేటు చప్పుడైంది. మూడిళ్ల అవతలి బాబాయ్, మనవరాలి పెళ్లి పత్రిక పట్టుకుని. నన్ను చిన్నప్పుడు భుజాన మోసిన మనిషి. ఆయన గుమ్మం దాకా రాకముందే నా చెయ్యి నాబు మీదికి వెళ్లిపోయింది. నేను పంపలేదు, అదే వెళ్లింది.

‘అబ్బాయ్, మీ నాన్న సెట్టేనా ఇది? మళ్లీ పలుకుతోందే. తగ్గించావేం?’ అన్నాడు.

‘ఏం లేదు బాబాయ్, మాట్లాడుకుందామని’ అన్నాను.

ఆయన టీ తాగి, అబ్బా గురించి నాలుగు మాటలు చెప్పి వెళ్లాడు. నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను. సెట్టులో తప్పు ఎక్కడుందో బల్బు చెప్పింది, మీటరు చెప్పింది. నాలుగు డయోడ్లు, ఒక కండెన్సర్‌తో పోయింది. నా చేతిలో ఉన్న తప్పుని ఏ మీటరు పెట్టి వెతకాలి? అది నా ఒక్కడి తప్పేనా, మీరే చెప్పండి.

బాబాయ్ వెళ్లాక సౌండు పెంచాను. ఆయన ఉండగానే పెంచాల్సింది.