మనం కాస్తా 'వునం' అయింది

పాటల పుస్తకం రెండో భాగం ఎప్పుడొస్తుందని ఈమధ్య కలిసిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. "అంతా కంప్యూటర్లోనే ఉందన్నారు కదా, ప్రింటు తీస్తే సరిపోదా?" అని కొందరి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. రెండు ముక్కల్లో జవాబు చెబితే సాకులా ఉంటుంది గనక వివరంగా రాస్తున్నాం. పొడవైన పోస్టు. కాఫీ కలుపుకుని కూర్చోండి.

కొత్తగా చేరిన పిల్లల కోసం ముందు కథ. 1997 నుంచి ఆరేళ్ళపాటు మేము ముగ్గురం పళయపాళయం, పుదుపాళయం వీధుల్లో ఇల్లిల్లూ తిరిగాం. అవ్వల దగ్గర కూర్చుని పెళ్ళిపాటలు, లాలిపాటలు, సామెతలు, వంటింటి మాటలు రాసుకున్నాం. మన పెద్దలు ఆంధ్ర దేశం వదిలి ఇటు వచ్చి కొన్ని వందల ఏళ్ళయింది. అక్కడ వాడుక తప్పిన మాటలు కొన్ని మన ఇళ్ళలో మిగిలాయి. అరవంతో కలిసి ఇక్కడే పుట్టినవి మరికొన్ని. 2001లో మొదటి భాగం అచ్చయింది. రెండో భాగం 2004కల్లా టైపు చేసి పెట్టాం, 140 పేజీలు. అచ్చుకు డబ్బు కుదరలేదు. తర్వాత చూద్దాం అనుకున్నారు పెద్దలు. పాడిన అవ్వల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు. క్యాసెట్లకు బూజు పట్టింది, రెండు మాత్రం పలుకుతున్నాయి.

ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు ఎలా ఉండేదో తెలిస్తేగాని మా బాధ అర్థం కాదు. అప్పటి ఫాంటులో 256 గదులుండేవి. కంప్యూటర్ తన అవసరాలకు ఉంచుకున్నవి పోగా మిగిలింది రెండు వందల పైచిలుకు. తెలుగు గుణింతాలు, వత్తులు, ఒత్తుకు ఒత్తులు అన్నీ అందులో పట్టవు. అందుకని ఫాంటు చేసేవాళ్ళు అక్షరాల్ని ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గదుల్లో ఆ ముక్కల్ని పెట్టేవాళ్ళు. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో గుడి, ఇంకో గదిలో త వత్తు. తెరమీద తెలుగు కనబడుతుంది, కాగితం మీద తెలుగు పడుతుంది. ఫైలు లోపల మాత్రం ఉండేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. ఏ గదిలో ఏ ముక్క ఉందో ఆ ఫాంటుకు మాత్రమే తెలుసు. ఒక కంపెనీ గదులకూ ఇంకో కంపెనీ గదులకూ పొత్తు లేదు. అంటే మేము టైపు చేసింది తెలుగు కాదు, తెలుగు బొమ్మ.

ఆ సాఫ్ట్‌వేర్ కొనడం అప్పటి సంఘం నిధికి చిన్న ఖర్చు కాదు. ప్రింటరు తగిలించే చోట ఒక తాళం దిమ్మ పెడితేనే పనిచేసేది, డాంగిల్ అనేవాళ్ళు. 2011లో ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. ఫైళ్ళు సీడీల మీద భద్రంగానే ఉన్నాయి. ఫాంటు మళ్ళీ ఎక్కించాలంటే కంపెనీవాళ్ళు ఒక నంబరు ఇవ్వాలి. ఫోన్ చేస్తే "ఆ వెర్షన్ ఆపేశాం సార్, కొత్తది తీసుకోండి" అన్నారు. తీసుకున్నాం. ఫైలు తెరిచి చూస్తే మొదటి పేజీలోనే 'మనం' అన్న మాట 'వునం' అయి కూర్చుంది. 'అత్త' 'అత' అయింది. 'పళ్ళెం' 'పళెం' అయింది.

విషయం ఏమిటంటే, పాత ఫాంటులో 'మ'కు సొంత గది లేదు. 'వ' పక్కన ఒక తోక తగిలించి 'మ' అనిపించేవాళ్ళు. కంటికి సరిగ్గానే ఉండేది. కొత్త వెర్షన్లో ఆ తోక ఉన్న గదిలోకి కొమ్ము వచ్చింది. కొన్ని వత్తుల గదులు ఖాళీ. పాత గదులకూ కొత్త గదులకూ పట్టిక ఇవ్వమని అడిగాం. అది కంపెనీ లోపలి విషయం అన్నారు. మన అవ్వల పాటలు, మన టైపు, మన డబ్బు. వాటి తాళంచెవి మాత్రం వాళ్ళ కంపెనీ లోపలి విషయం! ఇన్నేళ్ళయినా ఈ మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

హైదరాబాదులోనో విజయవాడలోనో పాత పత్రిక ఫైలు ఇలా చెడిపోతే అంత ప్రమాదం లేదు. 'అత' అని పడితే అది 'అత్త' అని చదివేవాడికి తెలుసు. నిఘంటువు ఉంది, ఆ మాట ఉన్న వెయ్యి పుస్తకాలు ఉన్నాయి. మన రెండో భాగంలో ఉన్నవి ఏ నిఘంటువులోనూ లేని మాటలు. వత్తు ఉందో లేదో, అది 'మ'నో 'వు'నో ఊహించడానికి ఆధారం లేదు. ఊహించి పెడితే, రేపు మన మనవలు ఆ తప్పునే అవ్వ మాట అనుకుంటారు. ఆలస్యానికి కారణం ఇదే, సోమరితనం కాదు.

యూనికోడ్ వచ్చింది కదా అంటారు. వచ్చింది, 1991లోనే. మొదటి వెర్షన్లోనే తెలుగుకు 128 గదుల వరస ఇచ్చారు. అందులో ఉండేవి అక్షరపు ముక్కలు కావు, అక్షరాలు. 'స్త్రీ' అంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం ఆరు సంకేతాలు. వాటిని కలిపి తెరమీద ఎలా గీయాలో చూసుకోవడం సాఫ్ట్‌వేర్ పని. ఇంత సుఖమైన ఏర్పాటు ఉండగా, విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. పుస్తకాలు పేర్చే ఇన్‌డిజైన్‌కు తెలుగు వత్తులు పేర్చడం వచ్చింది 2012లో, సీఎస్6తో. అప్పటికీ పేరాగ్రాఫ్ మెనూలో 'వరల్డ్ రెడీ కంపోజర్' అనేదాన్ని మనం వెతికి పట్టుకుని ఎంచుకోవాలి. లేకపోతే వత్తులు విడిపోయి పక్కకు పడతాయి. లెక్క వేసుకోండి, 1991 నుంచి 2012కి 21 ఏళ్ళు. మన పాటల పని మొదలైంది, అచ్చయింది, ఆగిపోయింది, అంతా ఆ 21 ఏళ్ళలోనే.

ఇంకో చిన్న సంగతి. పైన 'పళయపాళయం' అని రాశాం. అరవంలో అక్కడ మొదటిది 'ళ' కాదు, 'తమిళ్' అన్న మాట చివర వచ్చే అక్షరం. పాత తెలుగు శాసనాల్లో ఆ అక్షరం ఉంది. యూనికోడ్‌లో మన వరసలోకి అది చేరింది 2014లో. ఇక్కడ వేద్దామంటే, మీలో కొందరి ఫోన్లలో డబ్బా కనబడుతుందని ఊరుకున్నాం.

మరి ఈ డెవలపర్లు ఎవరు? ఎక్కడో అమెరికాలో తెలుగు పేరు విననివాళ్ళేనా? కాదండీ. 1990లలో ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ తెచ్చిన రామ్‌కో సిస్టమ్స్ మూలాలు మన ఊళ్ళోనే ఉన్నాయి. చెన్నైలో, బెంగళూరులో ఈ పని చేస్తున్న పిల్లలు మన ఇళ్ళలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. మాలో ఒకరికి అల్లుడి వరస అయ్యే కుర్రాడు బెంగళూరులో ఆఫీసు సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీలో ఉన్నాడు. పండక్కి వచ్చినప్పుడు నిలదీశాం.

"మామా, మా టెస్టింగ్ లిస్టులో తెలుగు ఉంది" అన్నాడు. "'నమస్కారం' అన్న మాట సరిగ్గా కనబడితే టిక్ పెట్టేస్తాం."

"మరి 'స్త్రీ'? 'రాష్ట్రం'?"

"ఎవరూ అడగలేదు మామా. అడిగినా ఒకరిద్దరే. అది లైన్లో అడుగున పడిపోతుంది. ఏడాదిపాటు ఎవరూ కదపకపోతే ప్రోగ్రామే దాన్ని మూసేస్తుంది."

నిజమే. మేము ఇంకో సాఫ్ట్‌వేర్ వాళ్ళకు పంపిన ఫిర్యాదుకు నాలుగేళ్ళకు జవాబొచ్చింది, కొత్త వెర్షన్లో కూడా ఈ ఇబ్బంది ఉందా అని. ఉందని రాశాం. తర్వాత దానంతటదే మూతపడింది. కుర్రాడిని తప్పు పట్టడానికి మాకు నోరు రాలేదు. తెలుగులోనే మాట్లాడాడు, చక్కగా మాట్లాడాడు. కానీ బళ్ళో చదివింది అరవం, ఇంగ్లీషు. తెరమీద తెలుగు సరిగ్గా ఉందో లేదో వాడికెలా తెలుస్తుంది? 'నమస్కారం' కూడా ఎవరో ఇచ్చిన బొమ్మతో పోల్చి చూసుకుంటాడట.

చేయాలనుకుంటే ఎంత త్వరగా చేస్తారో 2018 ఫిబ్రవరిలో చూశాం. తెలుగు 'జ్ఞా' అక్షరాన్ని ఒక రకమైన సంకేతాల వరసలో పంపితే ఐఫోన్లలో, మాక్ కంప్యూటర్లలో యాప్‌లు కూలిపోయాయి. ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడింది. కొందరు ఆకతాయిలు దాన్ని అందరికీ పంపారు కూడా. వార్త గుప్పుమన్న కొద్ది రోజులకే, ఫిబ్రవరి 19న, ఆపిల్ కొత్త అప్‌డేట్లు విడుదల చేసింది. తెలుగు అక్షరం వల్ల పెద్దవాళ్ళ ఫోన్ ఆగితే రోజుల్లో పని. తెలుగు అక్షరమే ఆగిపోతే ఏళ్ళు.

అందరినీ ఒకే గాట కట్టడం మాత్రం అన్యాయం. ఎవరూ జీతం ఇవ్వకపోయినా పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారున్నారు. ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసుకునేలా 'లేఖిని' పెట్టిన వీవెన్ గారున్నారు. వెన్న నాగార్జున గారు 'పద్మ' అని ఫైర్‌ఫాక్స్‌కు ఒక పొడిగింపు చేశారు. పాత ఫాంట్ల గదుల పట్టికల్ని ఆయన ఓపిగ్గా తయారుచేసుకుని, ఆ ఫాంట్లలో ఉన్న పేజీల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించారు. కంపెనీ లోపలి విషయం అని మాకు చెప్పారే, సరిగ్గా అదే పని ఒక్క మనిషి బయటనుంచి చేసి చూపించాడు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ తన లోపలి నిర్మాణం మార్చి, ఆ పాత తరహా పొడిగింపులన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టింది. కొత్త ఇల్లు కట్టేవాళ్ళకు పాత ఇంట్లో ఎవరు కాపురమున్నారో గుర్తుండదు. అయితే అదే ఏడాది లిబ్రాఫీస్ వాళ్ళు అక్షరాలు పేర్చే పనిని అన్నిచోట్లా హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. ఇప్పుడు మేము వాడేది లిబ్రాఫీసే. వత్తులు నిలబడుతున్నాయి.

'పద్మ' చూపిన దారే పట్టుకున్నాం. మొదటి భాగం అచ్చు పుస్తకం ఉంది, దాని పాత ఫైలూ ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏ సంకేతానికి ఏ ముక్క అని సొంతంగా పట్టిక రాసుకున్నాం. చాలా గదులు తేలాయి. కొన్ని తేలలేదు. మొదటి భాగంలో రాని ముక్కలు కొన్ని, పాత ఫాంటులోనే ఒకే గుర్తుతో రెండు రకాలుగా చదవగలిగేవి కొన్ని.

అక్కడ ఆదుకున్నవి మా నోటుబుక్కులు. మన ఊళ్ళో అందరూ చేసినట్టే, అవ్వల దగ్గర విన్నది విన్నట్టు తెలుగును అరవ అక్షరాల్లో గబగబా రాసుకున్నాం. అరవంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. త, ద, ధలకూ అంతే. నోటుబుక్కు ఒక్కటే ఉంటే ఆ తేడా చెప్పలేం. కానీ 'మ'కూ 'వు'కూ అరవంలో పోలికే లేదు, వత్తు ఉందో లేదో కూడా స్పష్టంగా తెలుస్తుంది. చెడిపోయిన ఫైలుకు క, గ తేడా తెలుసు, మ, వు తేడా తెలియదు. నోటుబుక్కుకు మ, వు తెలుసు, క, గ తెలియదు. రెండు సగం సాక్ష్యాలు కలిపితే మాట నిలబడుతోంది. ఈ లెక్కన ఆదివారాలు కూర్చుని 61 పేజీలు పూర్తిచేశాం. ఫాంటు పోయినా అక్షరం పోకుండా యూనికోడ్‌లో, మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా దాచి, నాలుగు ఇళ్ళలో నాలుగు నకళ్ళు ఉంచాం. తాళాలు లేవు.

ఇప్పుడు అసలు అవసరం. నోటుబుక్కులు మొత్తం తొమ్మిది. మా దగ్గర ఆరు ఉన్నాయి. మూడు, అయిదు, ఎనిమిది నంబర్లవి చదువుకోవడానికని వేర్వేరు ఇళ్ళకు వెళ్ళి తిరిగి రాలేదు. ఎనిమిదో దాంట్లో తలంబ్రాల పాటలన్నీ ఉన్నాయి. పొడుగు సైజు, ఖాకీ అట్ట. అట్టమీద నీలం ఇంకుతో అరవంలో 'పాట్టు' అని, కింద నంబరు రాసి ఉంటుంది. అటకమీద, పాత ట్రంకుపెట్టెల్లో, పిల్లల పాత పుస్తకాల మధ్య ఒక్కసారి చూడండి. చెదలు తిన్నదైనా పారేయకండి. కొరియర్ చేయొద్దు, కబురు పెడితే మేమే వచ్చి అక్కడే ఫొటోలు తీసుకుంటాం.