లైటు ఆర్పని బస్సు

పల్నాడు జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లాను విడదీసినప్పుడు తీరమంతా బాపట్ల జిల్లా వాటాకు పోయింది. ఇటు కృష్ణ మిగిలింది, సాగర్ కాలవలు మిగిలాయి, మిరప చేలూ పత్తి చేలూ మిగిలాయి. ఆ జిల్లాలోని ముప్పాళ్ళలో బధిరుల సంఘం జరుపుకునే వార్షిక సమావేశాన్ని చూడడానికి వెళ్ళినప్పుడు అందుకే ఒక సంగతి ముందుగా కంటబడింది. ఉన్నవి రెండు రోజులు. ఒక రోజు సభకు, రెండో రోజు మొత్తం సూర్యలంక ప్రయాణానికి. మిరపకోతల రోజుల్లో కూలి మానుకుని, తలా కొంత చందా వేసుకుని వచ్చినవాళ్ళకు సముద్రం చూడడం అంత అవసరమా అని వడ్డనకు వచ్చిన ఊరివాళ్ళలో ఒకరిద్దరు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. రెండు రోజులూ చూశాక నాకు తోచింది ఇది: సభను తీసేసినా ఈ సమావేశం నిలబడుతుంది, ప్రయాణాన్ని తీసేస్తే నిలబడదు. బధిరులకు భాష ఉంది గానీ, ఆ భాషకు ఒక ఊరు లేదు. ఏడాదికోసారి వాళ్ళే ఒక ఊరు కట్టుకుంటున్నారు. ఆ ఊరు షామియానా కింద కంటే బస్సులోనూ ఇసుకలోనూ బాగా కుదురుకుంటుంది.

ముందు సభ సంగతి. కుర్చీలు మొదట మామూలు సభల్లాగే వరసలుగా వేసి ఉన్నాయి. వచ్చినవాళ్ళు కూర్చోకముందే వాటిని లాగి గుండ్రంగా వేసుకున్నారు. ముందువాళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడని మనిషికి ఆ సభ జరగనట్టే లెక్క. బ్యానరు వెనక నుంచి ఎండ పడుతుంటే, మాట్లాడేవాళ్ళను అటు నుంచి ఇటు తెచ్చి నిలబెట్టారు. వెలుతురుకు వీపు పెట్టి నిలబడితే ముఖం నల్లగా కనపడుతుంది, ముఖం కనపడకపోతే వ్యాకరణంలో సగం పోతుంది. సైగల భాషలో ఒక వాక్యాన్ని ప్రశ్నగా మార్చేది చాలాచోట్ల కనుబొమలే. ఎవరు, ఎక్కడ, ఎందుకు అనే మాటలు భారతీయ సంజ్ఞా భాషలో వాక్యం చివరికి వస్తాయి. చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఆడిస్తారు. దూరాన ఉన్న మనిషిని పిలవాలంటే మధ్యలోవాళ్ళు ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూ పిలుపు అందిస్తారు. అన్నిటికన్నా ఎక్కువసేపు నేను చూస్తూ నిలబడింది భోజనాల బంతి దగ్గర. కుడిచేయి పప్పన్నంలో ఉంటుంది కాబట్టి మాట బరువంతా ఎడమచేతి మీద పడుతుంది. రెండు చేతుల సైగలు ఒంటిచేతికి కుదించుకుపోతాయి, మిగతాది కళ్ళూ భుజాలూ మోస్తాయి. ఒకాయన కబురు చెబుతుండగా గోంగూర పచ్చడి వడ్డించే మనిషి అడ్డం వచ్చాడు. ఎదురుగా ఉన్నాయన విస్తరి మీదుగా పక్కకు వంగి ఆ వాక్యం పోకుండా పట్టుకున్నాడు. ఆ బంతిని చూసినవాళ్ళెవరూ సైగలంటే నోరు లేనివాళ్ళ అవస్థ అనుకోరు.

ఇంత నిండైన భాషకు ఊరెందుకు లేదో లెక్కలే చెబుతాయి. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్ళు దేశం మొత్తం మీద సుమారు 50.7 లక్షల మంది. 121 కోట్లలో అది వెయ్యికి నలుగురు. 3,000 మంది ఉన్న పల్లెలో 12 మంది అనుకుంటే, వయసు మీదపడి చెవి మందగించినవాళ్ళను తీసేశాక పుట్టు చెవుడు ఉన్నవాళ్ళు ఒకరో ఇద్దరో మిగులుతారు. పైగా బధిరులైన పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వినపడే తల్లిదండ్రులకే పుడతారు. కాబట్టి తెలుగు మనకు అబ్బినట్టు ఈ భాష అమ్మ ఒళ్ళో అబ్బదు. ఇంట్లో ఉండేవి అన్నం, నీళ్ళు, రా, పో లాంటి పది ఇరవై సైగలు. వాటితో ఆకలి చెప్పుకోవచ్చు. చెల్లెలి సంబంధం ఎందుకు తప్పిపోయిందో అడగడానికి అవి చాలవు. అసలు భాష అబ్బేది తనలాంటి పిల్లలు పదిమంది ఒకచోట చేరినప్పుడు. పాత గుంటూరు జిల్లాలో అలా చేర్చిన చోటు బాపట్ల. వినికిడి లోపం ఉన్న పిల్లల ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల అక్కడే ఉంది. సూర్యలంక అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు. సముద్రం చూడడానికి పోయే దారీ, చాలామందికి మొదటిసారి మాట వచ్చిన ఊరి దారీ ఒకటే. నరసరావుపేట, చిలకలూరిపేట దాటి బస్సు బాపట్ల చేరేసరికి, అక్కడ చదువుకున్నవాళ్ళు సీట్లలోంచి లేచి నిలబడి, బడికి వెళ్ళనివాళ్ళకు కిటికీల్లోంచి ఆ వైపు చూపించారు.

భాష సభల్లో పుట్టదనీ, తీరిక వేళల్లో పుడుతుందనీ చెప్పడానికి ప్రపంచంలో ఒక గట్టి దాఖలా ఉంది. 1970ల చివర్లో మధ్య అమెరికాలోని నికరాగువా రాజధాని మనాగ్వాలో ప్రత్యేక బడి పెట్టి, అంతదాకా ఇళ్ళలో ఒంటరిగా ఉన్న బధిర పిల్లలను ఒకచోటికి తెచ్చారు. పంతుళ్ళు నేర్పింది స్పానిష్, పెదవుల కదలిక చూసి పోల్చుకోవడం. పిల్లలకు అది పెద్దగా అంటలేదు. ఆటస్థలంలో, బడి బస్సులో వాళ్ళు తమ ఇంటి సైగలు కలబోసుకుని, కొన్నేళ్ళలో పూర్తి వ్యాకరణం ఉన్న కొత్త భాషనే తయారు చేసుకున్నారు. సభల సంగతికొస్తే, 1880లో ఇటలీలోని మిలాన్‌లో 164 మంది ప్రతినిధులు కూర్చుని, బధిర పిల్లలకు సైగలు వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానించారు. వాళ్ళలో బధిరుడు ఒక్కడే. ఆ తీర్మానం నీడ మన దేశపు బడుల మీదా చాలా కాలం ఉంది. తరగతి గదిలో వద్దన్న భాష హాస్టల్ గదుల్లోనూ ఆటస్థలాల్లోనూ బతికింది. 2010లో బధిరుల చదువు మీద వాంకూవర్‌లో జరిగిన సభ మిలాన్ తీర్మానాలను తిరస్కరించి విచారం చెప్పింది. నూటముప్పై ఏళ్ళు పట్టింది! ఆటవిడుపును తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఈ చరిత్రనొకసారి చూడాలి.

ఇప్పుడు డబ్బు మాట. దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు అయింది. అందులోంచి తీసి బస్సు బాడుగ కట్టేకంటే ఆ చందాలతో ఒక పేదవాడికి కుట్టుమిషను కొనిస్తే మేలు కదా అనేది ఒక వాదన. కుట్టుమిషను కొనివ్వాల్సిందే, కాదనను. కానీ బస్సులో నడిచిన మాటలేమిటో కూడా చూడాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం మళ్ళీ పరీక్షకు రమ్మంటే ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి, బ్యాంకు నుంచి ఫోను వస్తే ఎవరు ఎత్తాలి, ఓటీపీ అడిగినవాడు దొంగో కాదో ఎలా తెలుస్తుంది... ఇవి ఊళ్ళో ఎవరూ వాళ్ళకు విడమర్చి చెప్పని విషయాలు. కాగితం మీద రాసి ఉంటుంది కదా అంటారా? అక్షరాలు వచ్చినా వాళ్ళలో చాలామందికి తెలుగు రెండో భాష, ఆఫీసు తెలుగు మూడో భాష. పింఛను చేతికి వస్తుంది, దాన్ని నిలబెట్టుకునే తెలివిడి మాత్రం సాటివాళ్ళ చేతుల్లోంచే రావాలి. పెళ్ళి సంబంధాలు కూడా ఇక్కడే కదులుతాయి. కొడుకునో కూతురినో వెంటబెట్టుకుని వచ్చిన తల్లులు ఆ రెండు రోజులూ దేన్ని గమనిస్తున్నారో చెప్పనక్కర్లేదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఫోనుది. వీడియో కాల్ వచ్చాక బధిరుల జీవితం మారిపోయింది, అది నిజం. మాచర్లలో ఉన్నవాడు సత్తెనపల్లిలో ఉన్నవాడితో రోజూ మాట్లాడుకోవచ్చు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 మాటల నిఘంటువును వీడియోల్లో ఇచ్చింది. అయితే వీడియో కాల్ భాష వచ్చినవాళ్ళ సాధనం. బడి ముఖం చూడని నలభై ఏళ్ళ కూలి మనిషికి ఫోను తెర మీద ఎవరు ఏం చెబుతారు? అలాంటివాళ్ళు ముప్పాళ్ళలో కొందరు కనిపించారు. మొదటి రోజు గోడకు ఆనుకుని నిలబడ్డారు. సముద్రం దగ్గర అల, ఇసుక, తడిసిన పంచె, పరుగెత్తే పీత, అన్నీ కళ్ళముందే ఉన్నాయి. వస్తువు చూపించి సైగ చూపిస్తే చాలు, మాట అతుక్కుంటుంది. వినికిడి తెప్పించే ఆపరేషన్ల సంగతీ అంతే. ఆరోగ్యశ్రీ కింద చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టడం మొదలయ్యాక ఎన్నో ఇళ్ళకు మేలు జరిగింది. కానీ అది పసితనంలో పెడితేనే బాగా పనిచేస్తుంది, ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి, యంత్రం తీసి పక్కన పెట్టిన క్షణం పిల్లవాడు మళ్ళీ బధిరుడే. వాడికి రెండు భాషలుంటే నష్టమేమిటి?

వేరే గుంపుగా చేరితే సమాజానికి మరింత దూరమవుతారు కదా అనేవాళ్ళూ ఉన్నారు. అమెరికా తూర్పు తీరంలో మార్తాస్ వినయార్డ్ అనే దీవి ఉంది. వంశపారంపర్యంగా అక్కడ ఒకప్పుడు చెవుడు ఎక్కువగా ఉండేది. రెండు వందల ఏళ్ళకు పైగా ఆ దీవిలో వినపడేవాళ్ళు కూడా సైగలతో మాట్లాడారు. పడవల మీద చేపలు పట్టేవాళ్ళు ఒకరితో ఒకరు అలాగే చెప్పుకున్నారు. అక్కడ బధిరులకు వేరే సంఘం అవసరం పడలేదు, ఊరే వాళ్ళ భాష నేర్చుకుంది కాబట్టి. మన ఊళ్ళు ఆ పని చేసిన రోజున ముప్పాళ్ళ సమావేశం అక్కర్లేదనే మాటకు అర్థం ఉంటుంది. దూరం ఎవరు పెంచారో తేల్చకుండా, దగ్గరవుదామని చేరినవాళ్ళను తప్పుపట్టడం సరికాదు.

సూర్యలంకలో ఆ దీవి సంగతి మరింత అర్థమైంది. అలల హోరులో వినపడేవాళ్ళం పది అడుగుల దూరానికి గొంతు చించుకుంటున్నాం. నడుములోతు నీళ్ళలో నిలబడ్డ ఒకమ్మాయి ఒడ్డున కూర్చున్న తల్లితో తీరిగ్గా, పొడుగ్గా, ఏ అడ్డమూ లేకుండా మాట్లాడుతోంది. తల్లికి వినపడుతుంది, కూతురి భాష నేర్చుకున్న తల్లి ఆమె. మరీ లోపలికి పోయినవాళ్ళను హెచ్చరించడానికి తీరంలో ఊదే విజిల్ మాత్రం వీళ్ళకు అందదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనకో సామెత ఉంది. తప్పంతా వినేవాడిదన్నట్టు వాడుతుంటాం, శంఖం తప్ప మరొకటి పట్టుకోని ఊదేవాణ్ణి ఏమీ అనం. సంఘంవాళ్ళు ఆ పని ముందే చూసుకున్నారు. కర్రకు ఎర్ర తువ్వాలు కట్టి, ఇద్దరిని ఒడ్డున వంతులవారీగా నిలబెట్టారు. కర్ర పైకి లేవగానే నీళ్ళలోవాళ్ళంతా వెనక్కి వచ్చారు. వాళ్ళను చూసి, విజిల్‌కు కదలని తక్కినవాళ్ళు కూడా కొందరు వచ్చారు.

చీకటి పడ్డాక బయలుదేరారు. మామూలుగా రాత్రి బస్సు ఎక్కగానే లోపలి లైట్లు ఆర్పేస్తారు, జనం నిద్రపోతారు. ఇక్కడ లైటు ఆరితే బస్సు నిండా అందరి నోళ్ళూ ఒక్కసారి మూసినట్టే. వెలుతురు ముందు అద్దంలో పడితే రోడ్డు సరిగా కనపడదని డ్రైవరు అన్నాడు, అదీ నిజమే. కాసేపు చేతులు ఊగాయి. వెనక సీట్లోంచి ఒకామె తడి ఆరని దుప్పటి ఒకటి తీసి ముందుకు పంపింది. ఇద్దరు లేచి దాన్ని డ్రైవరు సీటు వెనక, కడ్డీకి ఆ కొసా ఈ కొసా కట్టేశారు. డ్రైవరు అద్దంలో ఒకసారి చూసుకుని తలూపాడు. బాపట్ల నుంచి నరసరావుపేట దాకా ఆ లైటు ఆరలేదు.