స్నానపుగది చెమ్మ

బాన్సువాడలోని మా యింట స్నానపుగది గోడకు ఆవల గ్రంథముల బీరువా యున్నది. ఆ గోడ చెమర్చి, మా తండ్రిగారొసగిన భాగవతమునకు బూజు పట్టగా, గదిని బాగుచేయింపక తప్పలేదు.

“క్రొత్త పలకలు పరచిన చాలునమ్మా” యని మేస్త్రీ పలికెను. పలకల సందులగుండ నీరు దిగుట అతడెరుగడా? మా అత్తగారు కరక్కాయ, బెల్లపునీరు చేర్చిన డంగుసున్నము మేలనిరి. మేలే గాని, యారుటకు వారములు పట్టును. ఇంటిల్లిపాదియు అంతవరకెట్లు తాళుదురు?

తుదకు పాలిమరు ద్రవము కలిపిన సిమెంటుపూతను నేలకును, గోడకు ఆరడుగుల యెత్తువరకును, అడ్డముగా నొకమారు, అది యారిన పిదప నిలువుగా నొకమారు పూయించితిమి. మూలలయందు పూతలో వలగుడ్డ నద్దించితిమి.

పూత గట్టిపడిన పిమ్మట తూము మూసి నీరు నిలిపితిమి. మావారు పెన్సిలుతో నీటిమట్టమునకు గీటు పెట్టిరి. మరునాటికి నీరు గీటుకంటె అంగుళము దిగెను. తూము అంచున పూత చీలియున్నది! మేస్త్రీ మోము చిన్నబోయెను. పలకలు పరచిన పిదప నిది యెవరికి కనబడును? అచ్చట మరల పూయించి, రెండవమారు నీరు నిలిపితిమి. ఈమారు గీటు కదలలేదు.

రేపు పలకలు పరతురు. భాగవతము మాత్రమింకను పెట్టెలోనే యున్నది.