బందరుకోటకు కాపలా ఎవరు?

పిల్లలూ! బందరు అనగానే మీకు తొక్కుడు లడ్డూ జ్ఞాపకం వస్తుంది. తప్పులేదు, నాకూ ముందు అదే జ్ఞాపకం వస్తుంది. కాని ఈసారి బందరు వెళ్ళినప్పుడు, లడ్డూలు కట్టించుకున్న తరువాత, అక్కడి పేటల పేర్లు కాస్త చెవినిబెట్టి వినండి. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. వలందావారంటే హాలెండు దేశపు డచ్చివారు. పరాసులంటే ఫ్రెంచివారు. గోలకొండ సుల్తానుల కాలంలో మన అద్దకపు బట్టలకోసం వీరంతా ఓడలెక్కి వచ్చారు. ముందు డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తకం పెట్టారు. వారు పోయి ఎంతో కాలమైంది. పేర్లు మాత్రం మన నోట మిగిలాయి.

ఊరికి ఆగ్నేయంగా, సముద్రంవైపు రెండుమూడు కిలోమీటర్లు వెళితే బందరుకోట వస్తుంది. నేను బడిపిల్లలను తీసుకువెళ్ళినప్పుడల్లా వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మాస్టారూ, కోట ఏదండీ?" పాపం, వాళ్ళు కొండపల్లివంటి కోటను ఊహించుకుని వస్తారు. ఇక్కడ కొండా లేదు, కొండరాయీ లేదు. పాడుబడిన కట్టడాలు కొన్ని, వాటిచుట్టూ ముళ్ళచెట్లు, ఉప్పునేల. అంతే.

మరి ఇంత పల్లపు నేలలో కోట ఎందుకు కట్టారు? కోటకు అసలు కాపలా గోడ కాదు, బురద. మూడువైపులా చిత్తడి. సముద్రం పోటెత్తినప్పుడు కాలువలగుండా నీరు వచ్చి కందకం నిండుతుంది. పాటు తీసినప్పుడు తగ్గుతుంది. అటువంటి నేలమీద శత్రువు ఫిరంగులు లాక్కురాలేడు, గుర్రాలు దిగబడతాయి.

1750లో ఫ్రెంచివారు బందరును పట్టుకున్నారు. తొమ్మిదేళ్ళ తరువాత, 1759 మార్చిలో, కర్నల్ ఫోర్డు అనే ఇంగ్లీషు సేనాని వచ్చి కోట ముందు దిగాడు. లోపల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. ఫోర్డుకు ఎన్ని కష్టాలో చూడండి. జీతాలు అందక సొంత సైనికులే తిరగబడ్డారు. మందుగుండు రెండు రోజులకు మించి లేదు. ఫ్రెంచివారికి సాయంగా హైదరాబాదునుంచి సలాబతుజంగు పెద్ద సేనతో దగ్గరకు వచ్చేశాడు. ఫోర్డు పోటుపాటుల లెక్క చూశాడు. ఏప్రిల్ 7 అర్ధరాత్రికి పాటు బాగా తీసి, కందకంలో నీళ్ళు మూడడుగులే ఉంటాయి.

ఆ రాత్రి ఒక చిన్న దళాన్ని నైరుతిమూల బురదలోకి పంపాడు. అటునుంచి ఎవరూ రాలేరని లోపలివారి ధీమా. ఆ దళం పడుతూ లేస్తూ వెళ్ళి కాల్పులు మొదలుపెట్టింది. లోపల కలవరం పుట్టింది. ఇంతలో అసలు సేన ఈశాన్యంవైపున కందకం దాటి బురుజెక్కింది. తెల్లవారేసరికి కోట ఇంగ్లీషువారిది. పట్టుబడినవారు పట్టుకున్నవారికంటే ఎక్కువమంది! పుదుచ్చేరినుంచి ఫ్రెంచివారి సాయపు ఓడలు వారం రోజులు ఆలస్యంగా వచ్చాయి. మే 14న సలాబతుజంగు బందరును ఇంగ్లీషువారికి రాసి ఇచ్చేశాడు.

కోట మాత్రం మిగిలింది. దాని పని పట్టింది వేరే శత్రువు. 1864 నవంబరు 1 రాత్రి గాలివానతో సముద్రం లేచి ఊరిమీద పడింది. మామూలు పోటుకంటే పదమూడు అడుగుల ఎత్తు. ముప్పైవేలమంది పోయారు. మరుసటి సంవత్సరమే సైన్యం కోటను వదిలి వెళ్ళిపోయింది. మన తీరంలో సముద్రపు అడుగు చాలాదూరం లోతు లేకుండా ఉంటుంది. తుఫానుగాలి నెట్టుకొచ్చిన నీరు కిందికి జారే వీలులేక పైకి పేరుకుంటుంది. అదే ఉప్పెన.

ఫ్రాన్సు దేశంలో బ్రిటనీ అనే సీమ ఉంది. అక్కడ సముద్రపు ఒడ్డున సెయింట్ మాలో అనే కోట ఊరు ఉంది. 1746లో మద్రాసును పట్టుకున్న లాబూర్దొనే పుట్టింది ఆ ఊళ్ళోనే. అక్కడ పోటుకూ పాటుకూ తేడా పన్నెండు మీటర్లదాకా ఉంటుంది. మన బందరులో ఆ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. 1944 యుద్ధంలో గోడలలోపలి ఊరు చాలాభాగం తగలబడింది. ఆ ఊరివారు పాత పద్ధతిలోనే మళ్ళీ కట్టుకున్నారు. నాకు గోడలకంటే నచ్చింది ఇంకొకటి. మూడువందల ఏళ్ళ కిందటినుంచి వాళ్ళు గోడముందు ఇసుకలో ఓక్ చెట్ల మొద్దులు వరసగా పాతుతూ వస్తున్నారు. అల ముందు మొద్దులకు కొట్టుకుని నీరసించి, తరువాత గోడను తాకుతుంది. మొద్దు పుచ్చితే కొత్తది పాతుతారు.

మనకు అటువంటి మొద్దులు పాతవలసిన పనిలేకుండా ప్రకృతే మడ అడవులు ఇచ్చింది. బందరుకు దక్షిణాన, కృష్ణ పాయల నడుమ ఉన్నదే దివిసీమ. 1977 నవంబరు 19న అక్కడ ఉప్పెన వచ్చినప్పుడు నేను గుడివాడలో చదువుకుంటున్నాను. బియ్యం, బట్టలు మోసుకుని మేము కొందరం వెళ్ళాము. ఊళ్ళున్న చోట ఊళ్ళు లేవు. తుమ్మచెట్ల కొమ్మలకు చీరలు చుట్టుకుని వేలాడుతున్నాయి. ఆ కొమ్మలు నా తలకంటే చాలా ఎత్తున ఉన్నాయి. పదివేలమంది పోయారని లెక్క. ఆ తరువాత ఎన్నాళ్ళో నాకు అన్నం సహించలేదు.

నాగాయలంక దాటి సొర్లగొంది వైపు వెళితే మీకు మడ చెట్లు కనిపిస్తాయి. కొన్నిటి వేళ్ళు గొడుగు కాడలలాగా బురదపైకి వంగి ఉంటాయి. వాటి గింజ చెట్టుమీదనే మొలకెత్తి, బరిసెలాగా జారి బురదలో గుచ్చుకుంటుంది. అడవి పోయినచోట నేల ఎండి ఉప్పుదేరిపోతే అటవీశాఖవారు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి మొక్కలు నాటించారు. పోటు వచ్చినప్పుడు నీరు వెన్నెముకలోంచి ముళ్ళలోకి పాకుతుంది. పాటుతో వెనక్కి పోతుంది. ఆ తడితో మొక్క బతుకుతుంది.