ఏడు నిమిషాల పొగ

1980ల మొదట్లో ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బొగ్గు ల్యాబులో చేరాను. అప్పటికి అక్కడ ఉన్నవి 210 మెగావాట్ల యూనిట్లు రెండే. సింగరేణి నుంచి రేకు, అంటే బొగ్గు రైలు, వచ్చిందంటే మాకు పని మొదలు. వ్యాగన్ల నుంచి తీసిన నమూనాను దంచడం, కుప్పపోసి నాలుగు పాళ్లు చేయడం, ఎదురెదురు పాళ్లు రెండు ఉంచుకుని మిగతావి పారేయడం, మళ్లీ దంచడం. వేల టన్నుల రేకు తరఫున సాక్ష్యం చెప్పడానికి చివరికి గుప్పెడు పొడి మిగిలేది.

అందులో ఒక్క గ్రాము తూచి మఫిల్ ఫర్నేసులో 815 డిగ్రీల దగ్గర పూర్తిగా కాల్చేవాళ్లం. మిగిలేది బూడిద. మూడోవంతుకు తగ్గేది కాదు, ఒక్కోసారి నలభై శాతమూ దాటేది. “రాళ్లు కూడా రైలెక్కి వస్తున్నాయండీ” అనేవాడు మా హెల్పరు.

నాకు సరదా అయిన పరీక్ష ఇంకొకటి ఉండేది. మూతపెట్టిన సిలికా మూసలో గ్రాము పొడి వేసి, 900 డిగ్రీల వేడిలో సరిగ్గా ఏడు నిమిషాలు ఉంచాలి. లోపల గాలి ఆడదు గనక బొగ్గు మండదు. దానిలో ఎగిరిపోయేదంతా ఎగిరిపోతుంది. మూత అంచున పచ్చటి మంట, పొగ, తారు కంపు. “రోడ్డేసి వచ్చారా?” అనేది మా ఆవిడ, చొక్కా ఉతుక్కి తీస్తూ.

మా సీనియర్ కెమిస్టుగారిది గుడివాడ. ఓ మధ్యాహ్నం పని లేనప్పుడు గట్టి గాజు నాళికలో బొగ్గుపొడి వేసి బర్నరు మీద పెట్టారు. వంపు గొట్టం రెండో కొసను చల్లటి నీళ్లలో ఉంచిన ఇంకో నాళికలోకి దించారు. కాసేపటికి అందులో గోధుమరంగు జిడ్డు చుక్కలు చేరాయి.

“చూశావుటోయ్? రోజూ నువ్వు తగలేసేది ఇదే.”

“స్కూటర్లో పోయొచ్చాండీ?”

“పొయ్యి. మర్నాటి నుంచి నడిచి రా.”

ఇరాన్ గొడవలతో పెట్రోలు ధర మండిపోతున్న రోజులు. బొగ్గు నుంచి నూనె తీయడమంటే ఆయనకు పిచ్చి. బొగ్గుకే ఒత్తిడిలో హైడ్రోజన్ ఎక్కిస్తే నూనె అవుతుందని, జర్మనీలో బెర్గియస్ చూపింది అదేనని చెప్పేవారు. ఫిషర్, ట్రాప్ష్‌ల దారి వేరు: బొగ్గును ఆవిరితో, ఆక్సిజన్‌తో పూర్తిగా వాయువు చేసి, ఆ వాయువు నుంచి నూనె కట్టడం. యుద్ధంలో జర్మనీకి, 1955 నుంచి దక్షిణాఫ్రికాలో సాసోల్‌కి పనికొచ్చిన విద్య ఇది. బయటి చమురు అందనప్పుడు, అందదని భయమున్నప్పుడు మాత్రమే జనం ఇంత కష్టానికి ఒడిగడతారని నా అభిప్రాయం.

తర్వాత హైదరాబాదు వెళ్లినప్పుడు తార్నాకలో రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ చూశాను. ఇప్పుడు దాన్ని ఐఐసీటీ అంటున్నారు. అక్కడ రోజుకు 24 టన్నుల బొగ్గును ఒత్తిడిలో వాయువుగా మార్చే పైలట్ ప్లాంటు ఉండేది, లుర్గీ పద్ధతిది. పైనుంచి బొగ్గు దిగుతుంటే కింద నుంచి ఆవిరి, ఆక్సిజన్ ఎక్కుతాయి. తిరిగే జల్లెడ కింద బూడిద రాలుతుంది. నేను గ్యాసు సంగతి కన్నా బూడిద సంగతే ఎక్కువ అడిగాను, వృత్తి అలాంటిది కదా! అక్కడి ఇంజనీరు ఓపిగ్గా చెప్పాడు. బూడిద కరిగి ముద్దకడితే కొలిమి ఆగిపోతుంది, అందుకే అవసరానికి మించి ఆవిరి పంపి వేడిని అదుపులో పెడతారట. మన బూడిద తొందరగా కరగదు. దానికున్న సుగుణం అదొక్కటే.

రిటైరై, భవానీపురంలో ఇల్లు కట్టుకున్న చాలా ఏళ్లకు, 2021 సెప్టెంబరులో పేపర్లో చదివాను. హైదరాబాదులోనే బీహెచ్ఈఎల్ పరిశోధనా కేంద్రం వాళ్లు బూడిద ఎక్కువున్న మన బొగ్గు నుంచి మిథనాల్ తీశారు. గ్యాసిఫయర్ సామర్థ్యం రోజుకు 1.2 టన్నులు, మిథనాల్ పావు టన్ను, శుద్ధి 98 నుంచి 99.5 శాతం. రేకులు దించుకున్నవాణ్ణి, పావు టన్ను అంటే ముందు నవ్వొచ్చింది. కానీ కొలిమి ఏ రకమో చూసి నవ్వు ఆపుకున్నాను. ఫ్లూయిడైజ్డ్ బెడ్! బొగ్గు నలుసులు గాలిలో తేలుతూ మరుగుతాయి, బూడిద కరిగేంత వేడి రానివ్వరు. మనవాళ్లు ఈసారి బొగ్గుకు తగ్గట్టు కొలిమిని కట్టుకున్నారు.

సీనియర్‌గారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. తొంభైకి దగ్గర పడ్డారు, చెవి సరిగా వినపడదు. “బూడిదెంత?” అని మాత్రం గట్టిగా అడిగారు.

మరుసటి ఏడాది ఏప్రిల్లో అస్సాంలోని తిన్‌సుకియాలో పదిహేను శాతం మిథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలెట్టారు. ఆయనకు మళ్లీ ఫోన్ చేద్దామని వివరాలు చూశాను. ఆ మిథనాల్ బొగ్గుది కాదు, అక్కడి సహజవాయువుది. చేయలేదు.