మొదట చదివించవలసిన పరిశోధనలు

మనస్తత్వశాస్త్రంలోకి అప్పుడే అడుగుపెట్టిన విద్యార్థి చేత ముందుగా ఏ పరిశోధనలు చదివించాలి? తెలుగు చెప్పుకునే నాకు ఈ గొడవ దేనికని అడగవచ్చు. కామారెడ్డిలో ఆ శాస్త్రం బోధించే మిత్రుడొకరు ప్రసిద్ధ పరిశోధనల జాబితా తయారుచేసి, వాటి సారాంశాలు తెలుగు చేసిపెట్టమని నాకిచ్చారు. అనువదించాలంటే రెండుసార్లు చదవక తప్పదు. చదివాక ఊరుకోవడం నాకు చేతకాదు.

జాబితాలోనివన్నీ పేరుమోసినవే. 1920లో వాట్సన్, రేనర్ ఒక పసివాడికి తెల్ల ఎలుకంటే భయం నేర్పారు. గీతల పొడవు విషయంలో చుట్టూ ఉన్నవాళ్లంతా తప్పు చెబుతుంటే మనిషి తన కళ్లను నమ్ముతాడా అని 1951లో ఆష్ పరీక్షించాడు. 1963లో మిల్‌గ్రామ్ ఉన్నాడు. కాని వీటిని మాత్రమే వరసగా చదివితే, మనసనేది అమెరికా ప్రయోగశాలల్లోనే దొరికే పదార్థమనిపిస్తుంది. తల్లి బీడీలు చుట్టి చదివిస్తుంటే ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఆ పేర్లు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటుంది. "ఇది మా ఊళ్లో కూడా నిజమేనా?" అని మాత్రం అడగదు.

అందుకని మరి రెండు చేర్చమన్నాను. 1934 బీహారు భూకంపం తర్వాత లేచిన వదంతులపై జమునా ప్రసాద్ 1935లో ప్రచురించిన పరిశీలన ఒకటి. భూమి కంపించినా నష్టం లేకుండా బయటపడ్డ చోట్ల, ఇంకా ఘోరాలు రానున్నాయనే మాటలు ఎందుకు పాకాయి? ఉన్న భయానికి కారణం కల్పించుకోవడానికేనేమో! 1957లో ఫెస్టింజర్ ప్రకటించిన సిద్ధాంతానికి దారి చూపింది ఈ ప్రశ్నే. దీనికి మిత్రుడు వెంటనే ఒప్పుకున్నారు.

పేచీ వచ్చింది రెండోదానితో. 1964లో మెక్లీలాండ్ బృందం కాకినాడ వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు రప్పించి, సాధన ప్రేరణలో శిక్షణ ఇచ్చింది. శిక్షణ పొందినవారు పొందనివారికంటే చురుకుగా వ్యాపారం పెంచారని మెక్లీలాండ్, వింటర్ 1969లో పుస్తకం రాశారు. ఇక్కడ ప్రేరణను కొలిచే సాధనం కథ! బొమ్మ చూపి కథ రాయించి, అందులో గొప్పగా సాధించాలన్న తపన ఎంత ఉందో లెక్కవేస్తారు. మెక్లీలాండ్ 1961 నాటి గ్రంథంలో అనేక దేశాల బడిపిల్లల వాచకాల్లోని కథలను కూడా ఇలాగే తూచాడు. సాహిత్యం వాళ్లకు ఇంతకంటే ఆసక్తికరమైన శాస్త్రం ఏముంటుంది?

"మొదటి ఏడాదిలోనే వివాదాస్పదమైనది ఎందుకు?" అన్నారు మిత్రుడు. వివాదమున్నందుకే అన్నాను. వ్యాపారి ఎదుగుదలకు తపన ముఖ్యమంటే వినవచ్చు. అప్పు ఎవరికి పుడుతుంది, భూమి ఎవరిది అన్న ప్రశ్నలను పక్కకు నెట్టి, బీదవాడి బీదతనానికి వాడి మనసులోని లోటే కారణమనే దాకా అదే తర్కాన్ని లాగేవారున్నారు. కాకినాడ లెక్కలు తనే చదివిన విద్యార్థికి, అవి ఎంతవరకు నిలుస్తాయో, ఎక్కడ నిలవవో తెలుస్తుంది. సారాంశం బట్టీపడితే ఆ తేడా తెలియదు.

చివరకు ఒక సెలవునాడు ఎల్లారెడ్డిలో కొందరు విద్యార్థులకు బొమ్మ చూపి కథలు రాయించాం. ఒకమ్మాయి కథలో తల్లి, చీకటి పడేలోగా వెయ్యి బీడీలు పూర్తిచేయాలని తునికాకు కత్తిరిస్తోంది. మర్నాడు కూతురి ఫీజు కట్టాలి. ఇది సాధన ప్రేరణా, గత్యంతరం లేకపోవడమా? కొలబద్ద ప్రకారం మిత్రుడు సున్నా వేశారు. నేను ఒకటి వేశాను.